తీసేసిన సందేశాల పెట్టె

కాకినాడలో సుభాషిణి అనే ఆవిడ ఉండేది. చురుకైన మనిషే గాని, ఏ పనైనా ఒకరికి అప్పగించిందంటే మళ్లీ దానివైపు తిరిగి చూసేది కాదు. పొయ్యి మీద కుక్కరు పెట్టి, "నాలుగు విజిల్సు రాగానే కట్టెయ్యండి పిన్నిగారూ" అని పక్కింటావిడకి చెప్పి స్నానానికి వెళ్లిపోయేది. పప్పు మాడితే తప్పు పిన్నిగారిదే.

సుభాషిణి కొడుక్కి ఆరేళ్లప్పుడు షుగరు వచ్చింది. పెద్దవాళ్లకి వచ్చే రకం కాదు, పిల్లలకి వచ్చే రకం. రోజుకి నాలుగుసార్లు ఇన్సులిన్ సూది పడాల్సిందే. ఆ రోజుల్లో ఏం చెయ్యాలో ఆమెకు చెప్పేవాళ్లు లేరు. అందుకే అలాంటి పిల్లల తల్లుల కోసం ఫోనులో ఒక గ్రూపు పెట్టింది. ఐదేళ్లలో నాలుగు వందల ముప్పై మంది చేరారు. నేనూ చేరాను.

గ్రూపుని సుభాషిణి, రహమతున్నీసా అనే ఇంకో తల్లి కలిసి చూసుకునేవారు. జీతం లేని పని. మధ్యాహ్నం దాకా రహమతున్నీసా, ఆ తర్వాత సుభాషిణి. వచ్చిన ప్రతి సందేశం చదివేవారు. కొత్తగా ఎవరు చేరినా రహమతున్నీసా ఆ రోజే ఫోన్ చేసేది. "పాప పేరేంటమ్మా? సూది ఎవరు వేస్తున్నారు? నువ్వు అన్నం తిన్నావా?" అని అడిగేది. మూడో ప్రశ్నకి చాలామంది ఏడ్చేసేవారు. నేనూ ఏడ్చాను.

కొన్నాళ్లకి గ్రూపులోకి పొడులు అమ్మేవాళ్లు దూరారు. "సూది మానెయ్యండి, మా వేరు పొడి వాడండి" అని వరసగా ఆరేసి సందేశాలు పెట్టేవారు. ఒక తండ్రి అది నమ్మి రెండు రోజులు సూది ఆపేశాడు. బాబు దక్కడమే కష్టమైంది. అప్పటి నుంచి ఆ సందేశాలు తీసెయ్యడంతోనే ఇద్దరికీ పొద్దు గడిచిపోయేది.

సుభాషిణికి విసుగొచ్చింది. ఎక్కడో చదివి, గ్రూపులో ఒక బాట్ పెట్టింది. బాట్ అంటే మనిషి కాదు, దానంతటది పని చేసుకుపోయే ప్రోగ్రాము. దానికి ఒక నియమం పెట్టింది: కొత్తగా చేరినవాళ్లు రెండు నిమిషాల్లో ఐదు సందేశాలు పెడితే అన్నీ తీసెయ్యాలి, ఒక రోజంతా వాళ్లని రాయనివ్వకూడదు. తీసేసినవి ఒక పెట్టెలో పడతాయి. ఆ పెట్టె అడ్మిన్లకే, అంటే గ్రూపు చూసుకునే ఆ ఇద్దరికే కనిపిస్తుంది. రోజూ ఒకసారి తెరిచి చూసుకోండి అని బాట్ పెట్టేటప్పుడే ఫోనులో వచ్చింది.

"సుభా, కొన్నాళ్లు ఆ పెట్టె చూస్తూ ఉందామమ్మా," అంది రహమతున్నీసా.

"చూడాల్సిన ఖర్మే ఉంటే అదెందుకక్కా? వంటమనిషిని పెట్టుకుని గరిటె మనమే తిప్పుతామా?"

"గరిటె తిప్పం. ఉప్పు చూస్తాం కదా?"

"నీకన్నీ అనుమానాలే!" అని నవ్వేసింది సుభాషిణి. "నువ్వు కూడా ఆ ఫోన్లు మానెయ్యి. కొత్తవాళ్లకి స్వాగతం అదే చెప్తుంది. పువ్వు బొమ్మతో సహా."

మొదటి నెలలోనే బాట్ పొడివాళ్ల సందేశాలు రెండు వందలు తీసేసింది. గ్రూపు శుభ్రంగా ఉంది. అందరం సుభాషిణిని మెచ్చుకున్నాం. రహమతున్నీసా కూతురి పరీక్షల హడావిడిలో పడి ఫోన్లు తగ్గించేసింది. పెట్టె ఎవరూ తెరవలేదు.

ఆ నెలలోనే తునిలో బట్టలు కుట్టే వరహాలు గ్రూపులో చేరింది. ఆమె కూతురు హంసినికి ఏడేళ్లు. షుగరు అని తెలిసి పన్నెండు రోజులైంది. వరహాలుకి స్వాగతం వచ్చింది, పువ్వు వచ్చింది. ఫోన్ మాత్రం రాలేదు.

ఒక బుధవారం హంసిని మధ్యాహ్నం బడిలో సరిగ్గా తినలేదు. ఆటల గంటలో పరిగెత్తింది. నాలుగింటికి ఇంటికొచ్చి సంచీ కూడా తియ్యకుండా పడుకుంది. వరహాలు వేలు గుచ్చి మీటరులో చూస్తే నలభై ఆరు ఉంది. ఉండాల్సినదాంట్లో సగం. భర్త లారీ మీద ఒడిశాలో ఉన్నాడు. ఆమె గ్రూపు తెరిచింది.

కంగారులో ఉన్నవాళ్లు పేరాలు రాయరు. మేమంతా ఒకప్పుడు అలాగే రాశాం.

"అక్కా"

"ఎవరైనా ఉన్నారా"

"పాపకి 46 చూపిస్తంది"

"పిలిస్తే పలకట్లేదు"

"పంచదార నీళ్లు పొయ్యొచ్చా"

ఐదోది పెట్టగానే ఐదూ మాయమయ్యాయి. "మీరు నియమం తప్పారు. ఇరవై నాలుగు గంటలు ఇక్కడ రాయలేరు" అని వచ్చింది. వరహాలు దాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత పాప నోట్లో పంచదార నీళ్లు పోసింది.

మాలో ఎవరిని అడిగినా ఒకటే చెప్పేవాళ్లం. పలకని పిల్ల నోట్లో నీళ్లు పొయ్యకు. పక్కకి తిప్పి పడుకోబెట్టు. చెంప లోపల కాస్త తేనె రాయి. ఆసుపత్రికి పరిగెత్తు. ఇది రాయడానికి అర నిమిషం పడుతుంది.

నాలుగుంపావుకి నేనూ ఫోను చూశాను. గ్రూపులో చివరిగా ఉన్నది ఎవరి పాపదో పుట్టినరోజు కేకు ఫొటో. ఎంత ముక్క తిననిచ్చారు అని అడిగి, నవ్వు బొమ్మ పెట్టి, ఫోను పక్కన పెట్టేశాను.

ఆ నీళ్లు హంసిని ఊపిరితిత్తుల్లోకి వెళ్లాయి.

నాలుగు రోజుల తర్వాత కూతురి పరీక్షలైపోయి, రహమతున్నీసా పాత అలవాటు కొద్దీ కొత్తవాళ్లకి ఫోన్లు చెయ్యడం మొదలెట్టింది. మూడో ఫోన్ వరహాలుకి.

"పాప ఎలా ఉందమ్మా?"

"కాకినాడ పెద్దాసుపత్రిలో ఉన్నామండి. ఊపిరాడ్డానికి గొట్టం పెట్టారు."

"అయ్యో! మాకొక్క మాట రాయలేదేంటి తల్లీ?"

"రాశానండి. మీరు తీసేశారు కదా. అడగకూడనిదేదో అడిగాననుకున్నాను."

రహమతున్నీసా నేరుగా సుభాషిణి ఇంటికి వెళ్లింది. "పెట్టె తియ్యి," అంది.

పెట్టెలో రెండు వందల నలభై మూడు ఉన్నాయి. పొడులు, కషాయాలు, తాయెత్తులు. వాటి మధ్య వరహాలు రాసిన ఐదు. ఇంకా కిందికి వెళ్తే మరో ఇద్దరు తల్లులవి. వాళ్ల పిల్లలు బాగానే ఉన్నారు. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. ఆ పూట మాత్రం తెలియదు. సుభాషిణి ఒక్కొక్కటీ పైకి చదివింది. "పొయ్యొచ్చా" దగ్గర ఆగిపోయింది.

ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. వరహాలు వరండాలో గోడకి చేరబడి కూర్చుని ఉంది. వాళ్లని చూసి లేవబోయింది. సుభాషిణి ఆమె పక్కనే నేల మీద కూర్చుంది.

"అమ్మా, నీ సందేశాలు మేం తియ్యలేదు. బాట్ తీసేసింది," అంది.

"బాటు ఎవరండీ?" అని అడిగింది వరహాలు. "ఆవిడకి పిల్లల్లేరా?"

సుభాషిణి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అది మనిషి కాదు తల్లీ. నేను పెట్టిన మిషను. ఏం తీసెయ్యాలో చెప్పింది నేనే. ఏం తీసేసిందో చూడనిదీ నేనే."

వరహాలు చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

హంసిని బతికింది. పదకొండో రోజున ఇంటికి వెళ్లింది. ఇప్పటికీ గట్టిగా పరిగెడితే దగ్గొస్తుంది.

సుభాషిణి జరిగినదంతా గ్రూపులో రాసింది. ఏదీ దాచలేదు. కొందరు తిట్టారు. ఒకరిద్దరు వెళ్లిపోయారు. "బాట్‌ని పీకి పారెయ్యండి" అన్నారు ఇంకొందరు.

"పీకేస్తే మళ్లీ పొడివాళ్లొస్తారు, మళ్లీ ఎవరో సూది ఆపేస్తారు," అంది రహమతున్నీసా. "దాన్ని ఉండనివ్వండి. తియ్యొద్దు, పక్కన పెట్టు అని చెబుదాం. తియ్యాలో వద్దో మనం చూసి చెబుదాం."

అలాగే చేశారు. ఇప్పుడు ఎవరినీ రాయకుండా ఆపడం లేదు. బాట్ ఏదైనా పక్కన పెట్టగానే ఆ వేళ వంతు ఉన్నవాళ్ల ఫోను మోగుతుంది. ఇద్దరికి చాలని పని గనక ఇంకో నలుగురం చేరాం. నా వంతుకి వచ్చింది మధ్యాహ్నం మూడింటి నుంచి ఆరింటి దాకా. ఆ మూడు గంటలూ నా ఫోను పొయ్యి గట్టు మీదే ఉంటుంది. సుభాషిణి రోజూ పడుకునే ముందు పెట్టె మొత్తం ఇంకోసారి చూస్తుంది. కుక్కరు దగ్గర కూడా తనే నిలబడుతోందని పిన్నిగారు చెప్పారు.

నెల తర్వాత గ్రూపులో వరహాలు నుంచి ఒక సందేశం వచ్చింది. "రాయొచ్చా అండీ?" అని ఉంది.

నిమిషంలో అరవై మంది "రాయమ్మా" అన్నారు.

నీతి: పనిని యంత్రానికి అప్పగించవచ్చు, కాని అది ఏం చేసిందో రోజూ మనిషే చూసుకోవాలి, చూడకపోతే అది చేసిన తప్పు మనదే.