బొంతకప్ప పుట్టిల్లు

అనగనగనగా, నీటికీ నేలకీ తగువొచ్చిన ఒక ఊరుండేదర్రా. ఆ ఊరి రాజుగారు ఓ మధ్యాహ్నం కొలను గట్టున కూర్చుని పరమాన్నం తింటున్నారు. ఎక్కణ్ణించొచ్చిందో ఒక కప్ప, గెంతి గెంతి గిన్నెలో పడింది. బుడుంగు! రాజుగారి మీసాలనిండా పరమాన్నమే.

రాజుగారికి ఒళ్ళు మండిపోయింది. ఇది నీటిదైతే కొలనుకి వలకప్పి లోపలే ఉంచండి, నేలదైతే పొలిమేర దాటించండి, రెంట్లో ఏదో తేల్చండి అన్నారు. కొలనుకి కాపలా పేరినాయుడు. నీటిదే దొరా అన్నాడు. కప్ప గట్టెక్కి కూర్చుంది. కాదు, నేలదే దొరా అన్నాడు. కప్ప నీళ్ళలోకి దూకింది. నలభై రోజుల్లో తేల్చకపోతే ఇల్లూ వాకిలీ వదిలి ఊరు దాటాలన్నారు రాజుగారు.

ఊఁ కొడుతున్నారా? కొట్టండి మరి.

పేరినాయుడు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. కోడలు గవరమ్మ సంగతంతా విని, "ఇంతేనా మావయ్యా! పెద్దదాన్ని చూస్తే ఏం తెలుస్తుంది? పుట్టుక చూడాలి. నేను చూస్తాను, మీరు తినండి" అంది.

తెల్లారగానే కొలనులో దిగింది. సగ్గుబియ్యం జావలా ముద్దగా ఉన్నాయి కప్పగుడ్లు. నాచుకి చుట్టుకుని నల్లపూసల దండల్లా ఉన్నాయి, ఎప్పుడూ నేలమీదే కనిపించే బొంతకప్ప గుడ్లు. రెండు గోలేల్లో నీళ్ళుపోసి వేరువేరుగా పెట్టింది. ఇంట్లో కప్పల కాపరమేమిటని అత్తగారు సణిగింది. సణిగితే సణిగింది, గవరమ్మ మాత్రం గోలేల దగ్గర్నించి కదల్లేదు.

గుడ్డు చిట్లి తోకొచ్చింది. తోకపిల్ల చేపలా మొప్పలతో ఊపిరి పీల్చింది. తోక వెనక కాళ్ళొచ్చాయి, వెనక కాళ్ళ తరవాత ముందు కాళ్ళొచ్చాయి. కాళ్ళొచ్చాక మొప్పలు పోయాయి, మొప్పలు పోయి ఊపిరితిత్తులొచ్చాయి. గవరమ్మ నీళ్ళలో ఒక రాయి పెడితే, పిల్లలు మొండితోకతోనే ఎక్కి కూర్చున్నాయి. ఈ గోలెంలోనూ అంతే, ఆ గోలెంలోనూ అంతే!

నలభయ్యోరోజున గోలేలు రెండూ సభకి మోయించింది. ఆస్థాన పండితుడు లేచి, కప్ప నున్నగా తడిగా ఉంటుంది కనక నీటిదనీ, బొంతకప్ప పొడిగా పొక్కులతో ఉంటుంది కనక నేలదనీ, రెండూ ఒక జాతే కావనీ వాదించాడు. గవరమ్మ జంకలేదు. గోలేలు చూపించి ఏ గుడ్డు ఎలా మారిందో చెప్పింది. రాజుగారు సింహాసనం దిగొచ్చి తొంగిచూశారు.

"అయితే ఇవి ఎక్కడివే అమ్మా?"

"నాకు పుట్టిల్లుంది, అత్తిల్లుంది. నన్ను ఏ ఇంటిదానవని అడుగుతారా దొరా? వీటికి నీరు పుట్టిల్లు, నేల అత్తిల్లు. ఒళ్ళు ఎంత పొడిగా ఉన్నా బొంతకప్ప కూడా పురిటికి నీటికే వెళ్తుంది. వలకప్పితే పిల్లలు గట్టెక్కలేవు. పొలిమేర దాటిస్తే తల్లులకి పురిటిల్లుండదు."

సభంతా ఘొల్లున నవ్వింది. పండితుడు కూడా నవ్వేసి, రెండుచోట్లా తిరిగేవి కనక ఈ రెంటినీ ఉభయచరాలందాం అన్నాడు. రాజుగారు వల వద్దన్నారు, పొలిమేరా వద్దన్నారు. తన పరమాన్నం గిన్నెకి మాత్రం మూతపెట్టమన్నారు!

పేరినాయుడి ఇల్లు నిలిచింది. అత్తగారు ఊరంతా తిరిగి మా కోడలే, మా కోడలే అని చెప్పుకుంది. చూసి చెప్పాలి గానీ, చెప్పేసి చూడకూడదర్రా. కథ కంచి దారి పట్టింది, మనం దిండు దారి పడదాం.