తీతువు ఇంటికి దత్తతెళ్ళిన ఉడుత

“తీతువుల ఇంట పుట్టనోళ్ళకి కాపలా ఏంటే? మా తాతలనాటి నుంచీ లేదు!” అని ఎలుగుబంటి పెద్దయ్య చింకి అనే ఉడుతని గసిరాడు.

అనగనగా ఒక రాళ్ళ అడవిలో జరిగిన గొడవిది. అక్కడ అడవిపిల్లి వస్తే అరిచి చెప్పే పని తీతువు పిట్టలది. ఇప్పుడు మిగిలింది ముసలి తీతువు ఒక్కడే. కళ్ళు మసక. పిల్లాజెల్లా లేరు. పోయిన వానాకాలం ఆయనకి కనపడక, ఉడుత చింకి పిల్లల్ని అడవిపిల్లి ఎత్తుకుపోయింది. ఈమధ్యే చింకికి మళ్ళీ పిల్లలు పుట్టాయి.

“చెట్టెక్కితే నాకు ఏటి అవతలి దాకా కనపడుద్ది పెద్దయ్యా. నా గొంతు సంగతి మీకు తెలుసుగా,” అంది చింకి.

“తెలీకేం! రోజూ నా మధ్యాహ్నం నిద్ర పాడుచేసేది అదేగా!”

తీతువుకి జాలేసింది. “దాన్ని నేను దత్తత తీసుకుంటా. అప్పుడది తీతువే. సరేనా?”

ఎలుగు తలూపాడు. చింకి గంతులేసింది.

“కానీ కూతురా, ఇక మన పద్ధతులన్నీ నీవే. మనం చెట్టెక్కం. నేల మీదే, రాళ్ళ మధ్యే కాపురం,” అన్నాడు తీతువు.

చింకి ఒకసారి తన తొర్ర వైపు చూసుకుంది. అయినా ఒప్పుకుంది. పిల్లల్ని తొర్రలోంచి దింపి రాళ్ళ మధ్య పెట్టింది. నేల మీద నిలబడి చూసింది. గడ్డి తప్ప ఏం కనపడలా. తీతువులా అరవబోయింది. గొంతు కీచుమంది.

ఓ పొద్దున గడ్డి కదిలింది. గాలేమో అనుకుంది. మళ్ళీ కదిలింది. ఇక ఆగలేక చెట్టెక్కేసింది. అడవిపిల్లి! తిన్నగా తన పిల్లల వైపే!

“కిచ్ కిచ్ కిచ్!” సొంత గొంతుతో అరిచింది. అడవంతా పొదల్లోకి దూరేదాకా ఆపలేదు. ఆ అరుపు విని ముసలి తీతువు పిల్లి మొహమ్మీద రెక్కలు టపటపలాడించాడు. ఆ సందులో చింకి దిగి, పిల్లల్ని ఒక్కోదాన్నీ నోట కరుచుకుని తొర్రలో చేర్చింది.

“తప్పు నాదేనమ్మా,” అన్నాడు తీతువు రొప్పుతూ. “మా గుడ్డు రాయిలా ఉంటది. పిల్లి చూసినా రాయే అనుకుంటది. నీ పిల్లలు రాళ్ళలా ఉండవుగా. నువ్వడిగింది కాపలా. నేను వంశమంతా నీ నెత్తిన పెట్టా.”

ఎలుగు వీపు గోక్కున్నాడు. “మరి కాపలా ఎవరిదంటావు?”

“మూడు మాటలిచ్చినోళ్ళది. దూరం చూడాలి. అందరికీ వినపడేలా అరవాలి. అందరూ దాక్కునేదాకా కదలకూడదు. కొమ్మ మీంచా, నేల మీంచా, ఏ గొంతుతో అన్నది వాళ్ళిష్టం.”

“అయితే నేను మీ కూతుర్ని కాదా?” అంది చింకి చిన్నగా.

“దానికీ దీనికీ ఏం సంబంధమే పిచ్చిదానా? సాయంత్రం రెండు చెదపురుగులు పట్టుకురా!”

నీతి: పనికి మాట తీసుకుంటే చాలు, వంశం అంటగట్టకూడదు. కోడ్ రాసే పిల్లలూ, మీకూ ఇదే మాట: ఇంటర్‌ఫేస్ అంటే ఇచ్చిన మాట, ఇన్‌హెరిటెన్స్ అంటే పుట్టుక. మరి ఒక్క అరుపు కోసం మీరెవరి పిల్లల్ని రాళ్ళ మీదకి దింపుతున్నారు?