తలపాగా తీయని నేరం

ఒకానొక సంస్థానాన్ని మల్లభూపాలుడనే రాజు ఏలుతుండేవాడు. వానలు పడినా పడకపోయినా ఆయనకు పెద్ద పట్టింపు ఉండేది కాదు. ఆయన పట్టింపల్లా మర్యాద ఒక్కటే. ఎవరు ఎవరికి ఎంత వంగాలి, ఎవరి ఎదుట చెప్పులు విడవాలి, ఎవరి ముందు తుమ్మకూడదు, ఇదంతా ఆయనకు కంఠతా వచ్చు. ఎవడైనా తప్పితే నిండు కచేరీకి పిలిపించి, గద్దె దిగివచ్చి, సరైన పద్ధతి ఏమిటో తానే చేసి చూపించేవాడు. అలా చూపించడమంటే ఆయనకు మహా సరదా.

చూపించాక శిక్ష వేసేవాడు. పెద్దవాడు చిన్నవాణ్ణి తిడితే అది నేరమే కాదు. చిన్నవాడు పెద్దవాణ్ణి అవమానిస్తే మాత్రం ఊరు విడిచి పోవాల్సిందే. ఇదెక్కడి న్యాయమని అడిగేవాడు లేడు. అడిగితే అదీ అమర్యాదే కదా!

ఒకనాడు చౌడయ్య అనే నేతగాణ్ణి కచేరీకి పట్టుకొచ్చారు. వారం కిందట రాజుగారి పల్లకీ ఎదురుగా వస్తుంటే వాడు తలపాగా తీయలేదట. అందరూ తీసి చంకన పెట్టుకుని నిలబడితే, వీడొక్కడూ తలపాగాతోనే పక్కనుంచి నడిచి పోయాడట.

"ఏమిరా, కళ్లు కనబడలేదా?" అన్నాడు రాజు.

"కనబడ్డాయి దొరా. చేతులే ఖాళీ లేవు. అప్పుడు నా బిడ్డను ఎత్తుకుని పోతున్నాను."

"బిడ్డను దింపలేకపోయావా?"

చౌడయ్య మెల్లగా అన్నాడు. "పాతిపెట్టడానికి తీసుకుపోతున్నాను దొరా. నాలుగేళ్ల పిల్ల. జ్వరంతో పోయింది."

కచేరీలో కొందరు తలలు దించుకున్నారు. రాజు మాత్రం పట్టు వదల్లేదు.

"పోయిన బిడ్డకు మేమూ విచారిస్తున్నాము. కానీ మర్యాద మర్యాదే. ఒక చేత్తో ఎత్తుకుని, రెండో చేత్తో తలపాగా తీయవచ్చు. మనసుంటే మార్గం లేకపోలేదు. రేపు పొద్దుటికల్లా నువ్వు మా పొలిమేర దాటాలి."

చౌడయ్య నేలమీద కూలబడ్డాడు. "దొరా, కొరడాతో కొట్టించండి. మగ్గం లాక్కోండి. ఊరు మాత్రం విడిచిపొమ్మనకండి. నా పిల్ల ఇక్కడే ఉంది. రోజూ పొద్దుగూకే వేళకు దాని దగ్గరికి పోయి కూర్చుంటున్నాను. చీకటంటే దానికి చచ్చేంత భయం దొరా!"

చచ్చేంత అన్నాక వాడికే ఆ మాట గుచ్చుకుంది. నోటికి కండువా అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

ఆ కచేరీలో తిప్పన్న అనే హాస్యగాడు ఉండేవాడు. రాజును నవ్వించి పొట్ట పోసుకునే మనిషి. అతను ముందుకొచ్చి వంగి దండం పెట్టాడు.

"ప్రభూ, వీడు ఒట్టి మొద్దు. ఒక చేత్తో బిడ్డ, ఒక చేత్తో తలపాగా, అదెలాగో తమరు ఒక్కసారి చేసి చూపిస్తే వీడికే కాదు, మా అందరికీ బుద్ధొస్తుంది."

రాజుకు కావలసిందీ అదే. లేచి వచ్చాడు. ఎవరో దుప్పటి చుట్టి మూట చేసి ఇచ్చారు. ఆయన దాన్ని ఎడమచేత్తో పొదివి పట్టుకుని, కుడిచేత్తో తలపాగా తీసి, హొయలుగా నడుము వంచాడు. కచేరీ అంతా చప్పట్లు కొట్టింది.

"చూశావురా చౌడయ్యా? ఇదెంత పని!" అన్నాడు రాజు.

"అద్భుతం ప్రభూ," అన్నాడు తిప్పన్న. "అయితే మూట మూటే, బిడ్డ బిడ్డే. రేపు రాజుగారు దుప్పటికి మర్యాద నేర్పారని జనం అంటే మనకు నామర్దా. తమరి బిడ్డ చిన్న దొరసానికీ నాలుగేళ్లే కదా, పక్క గదిలో దాది ఒడిలో నిద్రపోతోంది. ఆ తల్లినే తెప్పించండి."

రాజు నవ్వి సరేనన్నాడు. దాది పిల్లను తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. గాఢనిద్రలో ఉందేమో, పిల్ల ఒళ్లంతా తేలగిలబడింది.

రాజు ఎడమచేత్తో పట్టుకుని కుడిచెయ్యి తీశాడు. తీయగానే పిల్ల తల వెనక్కి వాలిపోయింది. చటుక్కున కుడిచెయ్యి మళ్లీ మెడకింద పెట్టాడు. భుజం సర్దుకుని మళ్లీ తీశాడు. మళ్లీ వాలింది, మళ్లీ పట్టుకున్నాడు.

"కానివ్వండి ప్రభూ," అన్నాడు తిప్పన్న. "తల వాలితే వాలనివ్వండి. ముందు తలపాగా సంగతి చూడండి."

"నోర్ముయ్యరా! పిల్ల లేస్తుంది," అని రాజు గొంతు తగ్గించి కసిరాడు.

తిప్పన్న మొహంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

"చౌడయ్య బిడ్డ ఎంత తల వాలినా లేవదు ప్రభూ. అయినా వాడు వాలనివ్వలేకపోయాడు."

రాజు నవ్వబోయాడు. తిప్పన్న చేతిలో ఓడినప్పుడు నవ్వడం ఆయనకు అలవాటే. నవ్వు మొదలైంది గానీ సగంలోనే ఆగింది. పిల్లను గుండెకు హత్తుకుని అలాగే నిలబడ్డాడు.

"గెలిచావురా తిప్పన్నా," అన్నాడు చివరికి. తన చేతి కంకణాన్ని దాదిచేత తీయించి అతనికి ఇప్పించాడు. శిక్ష రద్దు చేశాడు. చౌడయ్య వంక చూసి, "ఏం కావాలో కోరుకో," అన్నాడు.

"ఏమీ వద్దు దొరా. పొద్దు వాలిపోతోంది. సెలవిప్పిస్తే పోతాను."

ఆ సంస్థానంలో దివిటీ పట్టుకుని ఒకడు ముందు నడవడం రాజుగారికి మాత్రమే చెల్లే మర్యాద. మంత్రికి కూడా లేదు. రాజు తన దివిటీవాణ్ణి పిలిచి, "ఇతని ముందు నడు. ఇవాళే కాదు, రోజూ," అన్నాడు.

వీధుల్లో జనం గబగబా తలపాగాలు తీశారు. ఆ వెలుగు వెనక వస్తున్నది నేతగాడని చూసి కూడా మళ్లీ పెట్టుకోలేదు. చౌడయ్య ఎవరి వంకా చూడలేదు. బిడ్డ దగ్గర చాలాసేపు కూర్చుని లేచాడు.

దివిటీవాడు దారి చూపడానికి ముందుకు కదిలాడు.

"నాకెందుకయ్యా, దారి తెలుసు," అన్నాడు చౌడయ్య. "ఆ దివిటీని ఇక్కడే నిలబెట్టి పాతి రా."