నాలుగో పాఠం దగ్గర ఆగినవాడు

కుసుమ కావలికి వచ్చింది తన కోర్సు మూసేయాలా వద్దా అని గురువును అడగడానికే.

ఆమె హైదరాబాదులో లెక్చరరు. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్ళ కోసం లెక్కలు మొదటినుంచీ తెలుగులో చెప్పి, ఆ వీడియోలు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. ఏడాదిలో నలభై వేలమంది చేరారు. మస్కట్ నుంచి, మారిషస్ నుంచి, ఆమె ఎప్పుడూ పేరు వినని ఊళ్ళ నుంచి. చివరి పాఠందాకా వచ్చింది మాత్రం ఆరువందల మంది.

"ఊరికే వచ్చేదానికి విలువుండదు సార్," అంది సారు మంచం పక్కన కూచుని.

అనేశాక నాలుక కరుచుకుంది. మస్తాన్ సారు ముప్పై ఏళ్ళు తన ఇంటి అరుగు మీద, పొద్దున్నే, ఎవరినీ ఏమీ అడక్కుండా లెక్కలు చెప్పినవాడు. బొగ్గుముక్కతో గచ్చు మీద గీసేవాడు. తొలి బస్సు హారన్ వినిపిస్తే పిల్లలు బడికి లేచేవాళ్ళు. ఇప్పుడాయనకి ఎనభై రెండు. చూపు దాదాపు పోయింది.

"ఆగిపోయినవాళ్ళలో ఒక పేరు చదువు," అన్నాడాయన.

కుసుమ ఫోన్‌లో జాబితా తెరిచింది. "బమ్మిడి అప్పన్న. మస్కట్. నాలుగో పాఠం దగ్గర మానేశాడు."

"నంబరుందా?"

"చేరేటప్పుడు ఇచ్చాడు."

"చెయ్యి."

అక్కడ శుక్రవారం సెలవు కావడంతో అప్పన్న గదిలోనే ఉన్నాడు. పలాస దగ్గరివాడట, మస్కట్‌లో క్రేన్ నడుపుతాడట. ఆమె ఎవరో తెలియగానే కంగారుపడ్డాడు. "తప్పయిపోనాది మేడమ్, మానీసినాను."

ఎందుకు మానేశావని అడగబోయింది. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఎక్కడ అర్థం కాలేదు?"

ఆ మాట ఎక్కడిదో అడిగాక తెలిసింది. ఎనిమిదో తరగతిలో తను వారంపాటు అరుగు ఎగ్గొడితే, సారు సైకిలేసుకుని ఇంటికొచ్చాడు. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, ఎందుకు రాలేదని అనకుండా, ఇదే అడిగాడు.

"మైనస్సుని మైనస్సుతో గుణిస్తే ప్లస్సన్నారు కదండీ. అదెలాగో బోధపడనేదు. పదకొండుసార్లు సూసినాను. ఎన్నిసార్లు ఎనక్కి తిప్పినా మీరు ఆ మాటే సెప్తన్నారు."

కుసుమ వీడియోలోని మాట వదిలేసి, వేరేలా మొదలుపెట్టింది.

"అప్పన్నా, నీ క్రేన్ కొక్కెం నిమిషానికి రెండు మీటర్లు దిగుతోంది. దిగడం కాబట్టి మైనస్ రెండు. మూడు నిమిషాలు వెనక్కి వెళ్దాం, అది మైనస్ మూడు. ఇప్పుడున్న చోటికి అప్పుడెక్కడుంది?"

"ఆరు మీటర్లు పైన... పైనంటే ప్లస్సే కదండీ!"

అటువైపు పెద్ద నవ్వు. "ఓలమ్మో! ఇంతేనేటి?"

ఫోను పెట్టేసేసరికి అరగంటైంది. అయిదో పాఠం ఇయ్యాలే సూస్తానన్నాడు.

కుసుమ కళ్ళు తుడుచుకుంది. "ఇంకా ముప్పైతొమ్మిది వేలమంది ఉన్నారు సార్."

మస్తాన్ సారు తలగడ సర్దుకుని, గోడకి ఆనుకున్నాడు.

"ఇంకో పేరు చదువమ్మా."