ఆశ్రమ గుమ్మానికి వేపకొమ్మ

మాణిక్యమ్మగారిని ప్రశ్న అడగడమంటే కోరి పని తెచ్చుకోవడమే. మోక్షం ఎట్లా వస్తుందని అడిగినవాడు పూటంతా చింతపండు గింజలు తీశాడు. తమ్ముడితో తగవు తీరడం లేదని వచ్చినవాడి చేత పశువుల కొట్టం కడిగించింది. ఊరి చివర రెండు గదుల పెంకుటిల్లే ఆవిడ ఆశ్రమం. శిష్యులందరూ ఆవిడను అమ్మా అనే పిలుస్తారు, ఆవిడ నోటి నుంచి ఏ పని ఊడిపడుతుందోనని కాస్త జంకుతారు కూడా.

ఆ గురువారం పొద్దున సోమలింగం వచ్చేసరికి అమ్మ భజనకు వచ్చేవాళ్ళ భోజనాల కోసం పప్పు కడుగుతోంది. సోమలింగం బడి కమిటీకి అధ్యక్షుడు. మెత్తని మనిషి. వారం రోజులుగా పాపం అతని కంటికి కునుకు లేదు. ఊరి పక్క ఇటుక బట్టీల్లో పనికి ఒడిశా నుంచి కూలీలు వచ్చారు. వాళ్ళ పిల్లలను హెడ్మాస్టరు బడిలో కూర్చోబెట్టుకున్నాడు. సుకాంతి అనే పిల్ల సోమలింగం కూతురు పూర్ణ పక్కనే కూర్చుంటుంది. అంతవరకు బాగానే ఉంది. ఇంతలో ఎన్నికలొచ్చాయి. ముకుందరావు అనే నాయకుడు జీపుకు మైకు కట్టించి వీధి వీధీ తిరిగాడు. "ఎక్కడినుంచో వచ్చిన పిల్లలు రోగాలు మోసుకొస్తున్నరు! మీ పిల్లల పక్కనే కూసోబెడుతున్నరు!" ఏ రోగమో మాత్రం చెప్పలేదు. అదే అతని తెలివి. ఎవరికి ఏ రోగమంటే భయమో దాని పేరు వాళ్ళే పెట్టుకున్నారు. ఆ పిల్లలను ఉంచాలా, పంపెయ్యాలా అన్నది ఆ సాయంత్రం కమిటీలో తేలాలి. పంపేస్తే ఇక వాళ్ళకు చదువు లేదు, ఎండలో ఇటుకలు తిరగెయ్యడమే.

"అమ్మా, ఆయన చెప్పింది నిజమో అబద్ధమో నాకు తెల్వది" అన్నాడు సోమలింగం. "తెల్వనప్పుడు జాగ్రత్త పడితే తప్పేముంది? దాంతోని ఎవరికేం నష్టం?"

అమ్మ పప్పు వంచుతూ, "పెరట్ల యాపకొమ్మ విరిచి గుమ్మానికి కట్టి రా బిడ్డా" అంది.

ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపకొమ్మ కడతారు. అది కనబడితే పైవాళ్ళు గడప దాటరు. ఇది సోమలింగానికి తెలియనిది కాదు. ఏ పూజకోలే అనుకున్నాడు. ఎందుకని అడిగితే ఇంకో పని చెబుతుందేమోనని నోరు మూసుకుని కట్టి, లోపలికి వచ్చి ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాడు.

పప్పు ఉడికింది, అన్నం వార్చారు, భజన వేళ అయింది. ఒక్క ప్రాణి రాలేదు. పాలు పోసే రాజవ్వ చెంబు బాట మీదే పెట్టి, అక్కడినుంచే దండం పెట్టి వెళ్ళిపోయింది. గోడ అవతల మాటలు వినబడ్డాయి. "అమ్మకు పోసిందట." "ఒళ్ళంతానట!" "సోమన్న పొద్దటి సంది లోపల్నే ఉన్నడు. ఆయనకూ అంటుకున్నట్టే." సోమలింగానికి మొదట నవ్వొచ్చింది. ఆశీర్వాదం కోసం వచ్చిన ముకుందరావు జీపు దూరాన్నే ఆగి, వెనక్కి తిరిగి, మలుపు దాటాక మైకందుకుంది. "నేను చెప్తే నవ్విండ్రు! ఇయ్యాల ఆశ్రమం దాకా వచ్చింది! బట్టీ పిల్లలే తెచ్చిండ్రు!"

ఆ పిల్లలు ఆ వీధి మొహమే చూడలేదు! సోమలింగం కత్తిపీట వదిలేసి బయటికి ఉరికాడు. "అయ్యో, అమ్మకేం కాలేదు! గట్టిగనే ఉన్నది! కొమ్మ నేనే కట్టిన, ఉత్తగనే కట్టిన!" అతను ఒక అడుగు ముందుకు వేస్తే బాట మీది జనం రెండడుగులు వెనక్కి వేశారు.

అప్పుడే పూర్ణ వెక్కివెక్కి ఏడుస్తూ వచ్చింది. పూర్ణ పుస్తకాల సంచి తను మోస్తూ, ఆమె చెయ్యి పట్టుకుని సుకాంతి కూడా వచ్చింది. మిగతా పిల్లల అమ్మలు బడికి వచ్చి, తండ్రికి రోగం తగిలిందంటూ పూర్ణను బెంచీ మీదినుంచి లేపేశారట. "నాకేం లేదని చెప్పిన నాన్నా, ఎవ్వరు ఇనలే" అంది పూర్ణ. ఆ మాటకు అమ్మ కళ్ళలో కూడా నీళ్ళు తిరిగాయి. సోమలింగం బాట వైపు తిరిగి, "చిన్నపిల్లను లేపేస్తరా! చూసి మాట్లాడాలె కదా!" అని జనం మీద అరిచాడు.

రాజవ్వ కొంగుతో మూతి కప్పుకుని, "ఏమనుకోకు సోమన్నా. మాకూ పిల్లలున్నరు" అంది.

ఆ సాయంత్రం కమిటీలో సోమలింగం చెప్పాలనుకున్నది సరిగ్గా ఆ మాటే.

కొమ్మ పీకి అవతల పారేశాడు. సాయంత్రం కమిటీకి వెళ్తే సభ్యులు కుర్చీలు దూరం జరుపుకున్నారు. అతను గుమ్మం దగ్గరే నిలబడి, "బట్టీ పిల్లలు రేపు బడికొస్తరు. నా పూర్ణ సుకాంతి పక్కన్నే కూసుంటది. మీ పిల్లలను పంపుతరో లేదో మీ ఇష్టం" అన్నాడు. ఒక్కరూ ఎదురు చెప్పలేదు, ఔననీ అనలేదు. హెడ్మాస్టరు మాత్రం లేచి వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి అమ్మ ఇద్దరు పిల్లలకూ పప్పన్నం కలిపి పెడుతోంది. ఊరంతటికీ వండిన వంట అట్లాగే ఉంది. బాట మీద జనం ఇంకా ఆశ్రమాన్ని తప్పించుకుని అవతలి అంచున పోతున్నారు.

"కొమ్మ ఎప్పుడో తీసేసిన కదమ్మా" అన్నాడు సోమలింగం దిగులుగా. "ఇంకా ఒక్కలు గడప తొక్కుతలేరేంది?"

అమ్మ సుకాంతి చేతిలో ఇంకో ముద్ద పెట్టింది.

"నువ్వు గుమ్మానికే కట్టిననుకున్నవా, బిడ్డా?"