మిల్లు వెంకటాద్రి గారి హెబియస్ కార్పస్

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైతే నా పళ్ళన్నీ ఊడిపోవాలిరా మనవడా. ఉన్నవే నాలుగు, కాబట్టి ఊరికే ఒట్టు పెట్టడం లేదు.

మా ఆయన హైదరాబాదులో వకీలు. ఆయన దగ్గితే హైకోర్టు గుమ్మటాల మీది పావురాలన్నీ మూసీ దాటి పారిపోయేవి. మాట మాత్రం మహా పొదుపు. ఏడాది పొడుగునా నాతో మాట్లాడింది ఒక పోస్టుకార్డు మీద పట్టేది.

ఆయన దగ్గర జూనియర్ చెన్నకేశవులు. ఒకసారి పోలీసులు ఒక మెకానిక్‌ను పట్టుకెళ్ళి, మెజిస్ట్రేటుకు చూపించకుండా స్టేషన్లోనే దాచేస్తే, ఈ కేశవులు హెబియస్ కార్పస్ పిటిషన్ వేశాడు. అంటే, పట్టుకెళ్ళిన మనిషిని తెచ్చి మా ముందు నిలబెట్టండి అని కోర్టు చేత చెప్పించడం. మర్నాడే తెచ్చి నిలబెట్టారు. ఇంక చూడు, కేశవులు కాళ్ళు నేలకి ఆనలేదు. ఇంటద్దె తగాదా వచ్చినా హెబియస్ కార్పసే, గేదె తప్పిపోయినా హెబియస్ కార్పసే.

అప్పుడొచ్చాడు రైసుమిల్లు వెంకటాద్రి. ఆయన కూతురు హేమలత నర్సు ఉద్యోగంలో చేరి, ఇంటికి రానని చెప్పి లేడీస్ హాస్టల్లో ఉండిపోయింది.

"ఆ వార్డెన్ నా బిడ్డను బంధించింది. కోర్టుకు తెప్పించండి చాలు. అక్కణ్ణుంచి జీపెక్కించుకుపోతా. మళ్ళీ ఉద్యోగం మాట ఎత్తనిస్తే అడగండి" అన్నాడు.

కేశవులు ఆ పూటే పిటిషన్ రాసేశాడు. "మీ సంతకం ఒక్కటే తరువాయి సార్. రేపు పిల్ల కోర్టులో ఉంటుంది" అన్నాడు.

మా ఆయన కాగితాలు చదివారు. బయటికొచ్చి నాకు సైగ చేశారు. నేను కేశవులున్న గది తలుపు మూసి గొళ్ళెం పెట్టాను. ఇలాంటి పని చెప్తే నాకు పండగ.

కాసేపటికి లోపల్నుంచి దబదబా బాదుడు. ఇల్లంతా ఊగి, గోడల సున్నం రాలింది.

"అమ్మగారూ, గొళ్ళెం పడిపోయిందండీ."

"పడలేదు నాయనా, నేనే పెట్టాను."

"ఎందుకండీ?"

మా ఆయన వరండాలో కుర్చీలోంచే అడిగారు. "కేశవులూ, నీకు కారణం చెప్పాలా, తలుపు తియ్యాలా?"

"ముందు తలుపు తియ్యించండి సార్. కారణం తర్వాత చెబుదురు గాని."

"ఆ మెకానిక్ అడిగిందీ అదే" అన్నారాయన.

తలుపు తీశాను. కేశవులు బయటికొచ్చి, కుండెడు నీళ్ళు తాగి, మళ్ళీ అదే గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు.

"ఇంకా ఉన్నావేం? ఎవరైనా ఆపారా?"

"ఎవరూ ఆపలేదు సార్. పనుంది, ఉన్నాను."

మా ఆయన ఆ పిటిషన్ తెచ్చి అతని ముందు పెట్టారు.

కేశవులు కాగితాల వంక చూశాడు. తీసి ఉన్న తలుపు వంక చూశాడు. సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

సాయంత్రం అతను తిరిగొచ్చేసరికి వెంకటాద్రి మా వరండాలో అటూ ఇటూ తిరిగి తిరిగి గచ్చు మోకాలి లోతు అరగదీశాడు.

"పిల్ల కనబడిందా?"

"హాస్టల్ గేటు బయటికొచ్చి మాట్లాడిందండీ. బండి దగ్గర జామకాయలు కొని నాకూ ఒకటి ఇచ్చింది. మళ్ళీ తనే లోపలికి వెళ్ళిపోయింది."

వెంకటాద్రి కూలబడ్డాడు. "నా మాట ఏమన్నా ఎత్తిందా?"

"నాన్న మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగింది. జీపు లేకుండా వస్తే కూర్చుని మాట్లాడతానంది."

మా ఆయన కండువా భుజాన వేసుకుని లేచారు.

"వెంకటాద్రి గారూ, దీనికి హైకోర్టెందుకండీ. రిక్షా చాలు."

విన్నావుగా, ఇంక లే నాన్నా. మా తమ్ముడు నా మీద అలిగి వెయ్యేళ్ళయింది. ఉండేది చూస్తే మలక్‌పేటలోనే. వీధి మొదట్లోకి వెళ్ళి ఒక ఆటో మాట్లాడుకురా. ముసలిదాన్నని చెప్పి గట్టిగా బేరమాడు.