ఈగ చేతులు

ఒకప్పుడు ఈగ ఇలా చేతులు రుద్దుకునేది కాదు. వచ్చేది, హాయిగా వాలేది. దాన్ని ఎవరూ తోలేవారూ కాదు. నమ్మరా? నిజమే! ఇంటికొచ్చిన చుట్టంలా చూసుకునేవారు.

అందరిలోకీ తవిటమ్మ కూతురు నీలి అంటే ఈగకి ప్రాణం. నీలి జావ తాగబోతే ముందు తనే వాలి, వేడి చూసి, "చల్లారిందమ్మా, తాగు" అనేది.

ఒక వానాకాలం ఊళ్లోకి రోగం వచ్చింది. వాంతులు, విరేచనాలు. పొద్దున తిరిగిన మనిషి సాయంత్రానికి మంచం పట్టేవాడు. ఎందుకొచ్చిందో ఎవరికీ అంతు చిక్కలేదు. గుడ్లగూబ కూసిందన్నారు, దాన్ని తరిమేశారు. గాలి మోసుకొచ్చిందన్నారు, తలుపులు బిగించుకున్నారు. పాపం, వాళ్లు మాత్రం ఏం చేస్తారు!

"ఈగమ్మా, నువ్వు అన్ని ఇళ్లూ తిరుగుతావు కదా. ఈ రోగానికి కారణమేంటో కనిపెట్టి చెప్పవే. నా పిల్లకి రాకముందే చెప్పు" అంది తవిటమ్మ.

ఈగ పొంగిపోయింది. రోగుల పక్కన వెతికింది. విడిచిన గుడ్డల మీద వెతికింది. పెరట్లో మురికి పోసే గుంటలో వెతికింది. అటునుంచి అటే పక్కింటికి పోయి, అక్కడి అన్నం మీద కాసేపు అలుపు తీర్చుకునేది. ఎంత పనిలో ఉన్నా నీలి జావ వేడి చూడటం మాత్రం మానలేదు. ఇది తిరిగినకొద్దీ రోగమూ పెరిగింది.

చివరికి వెళ్లి గాలిని నిలదీసింది. "నువ్వే కదూ?"

"నేనైతే ముసలి ఎర్రమ్మ ఇంట్లోకీ దూరాను. ఆవిడకేం కాలేదే!" అంది గాలి.

"గుడ్లగూబా?"

"అది ఆవిడ చూరు మీదే కూర్చునేది."

"నీళ్లా?"

"అందరిదీ ఒకటే బావి."

"మరి ఎర్రమ్మ ఇంటికి వెళ్లనిదెవరు?"

అలా అడిగాక ఈగకే తట్టింది. ఎర్రమ్మ గిన్నెలన్నిటికీ మూతలు పెడుతుందనీ, ఒక్క మెతుకైనా ముట్టనివ్వదనీ అలిగి, ఆ గడప తొక్కడం మానేసింది తనే!

తన చేతులు చూసుకుంది. గుంటలోని మురికి ఇంకా అంటుకునే ఉంది. ఈ చేతులతోనే కదా నీలి జావ మీద వాలింది!

గబగబా ఎగిరి వెళ్లింది. నీలి అప్పటికే మంచం మీద వడిలిపోయి ఉంది.

"కారణం దొరికిందా?" అంది తవిటమ్మ.

"దొరికిందమ్మా. నేనే."

తవిటమ్మ కొట్టలేదు, తిట్టలేదు. "నిన్ను తిరగమన్నది నేనే కదే!" అని కూలబడిపోయింది.

ఆ సాయంత్రమే నీలి చనిపోయింది. ఈగ తెలిసి చేసిందా? లేదు. ప్రేమ కొద్దీ చేసింది. అయినా ఏం లాభం, నీలి మళ్లీ లేవలేదు. ఈగ చేతులు రుద్దుకుంది, చూసుకుంది, మళ్లీ రుద్దుకుంది.

అప్పటినుంచే ఈగ ఎక్కడ వాలినా చేతులు రుద్దుకుంటూనే ఉంటుంది. ఎంత రుద్దినా ఆ మురికి వదల్లేదని దానికీ తెలుసు. అందుకే మనం చెయ్యి విసిరితే, ఎందుకని అడక్కుండా లేచిపోతుంది.